మిర్చి యార్డులో కూర్చుని మానవశాస్త్రం చదవొచ్చా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది గుంటూరు. నాకు 22 ఏళ్లు. ఇంటర్ అయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆపేసి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఈ ఏడాది దూరవిద్యలో డిగ్రీకి ఫీజు కట్టి, ఆసక్తిగా అనిపించి ఆంత్రొపాలజీ (మానవశాస్త్రం) తీసుకున్నాను. మూడు నెలలైంది. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. క్రాస్ కజిన్, పారలల్ కజిన్, కులా రింగ్ అని రాత్రి బట్టీ పడతాను, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. ఎక్కడో ట్రోబ్రియాండ్ దీవుల్లో వాళ్లు గవ్వలు మార్చుకుంటే నాకేం సంబంధం అనిపిస్తోంది. ఫీల్డ్‌వర్క్ రిపోర్టు కూడా రాయాలట. దానికోసం అరకు వెళ్లాలేమోనని భయం, నాకు సెలవు దొరకదు. మా మావయ్యేమో అది కొండజాతుల చదువు, ఉద్యోగాలు రావు, మానేసి బీకాంలో చేరమంటున్నాడు. అడిగి చెప్పించుకోవడానికి దగ్గర్లో ఎవరూ లేరు. టెన్షన్‌గా ఉంది. మానెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మానెయ్యొద్దు తల్లీ. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి మాట్లాడతాను. నా మనవరాలి ఈడుదానివి కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు. ఆ మాట సంగతి చివర్లో మళ్లీ ఎత్తుతాను.

నీకు చదువు రాకపోవడం కాదు, పుస్తకం చెప్పే విషయం నీ ఇంట్లోనే ఉందని నీకెవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నేనూ తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ తర్వాత ఈ సబ్జెక్టులోకి వచ్చినదాన్నే. మొదటి ఏడాది నాకూ అన్నీ ఎవరో పరాయివాళ్ల సంగతులుగానే కనిపించాయి. అందుకే నీకు ఒకే ఒక సలహా ఇస్తాను. పుస్తకంలో ఏ మాట వచ్చినా ముందు దాన్ని మీ ఇంట్లోనో, మీ కొట్లోనో వెతుకు. దొరికాక మళ్లీ పుస్తకం తెరువు. ఎలాగో కొన్ని చేసి చూపిస్తాను.

నిన్ను ఏడిపిస్తున్న ఆ కజిన్స్‌తోనే మొదలుపెడదాం. ఒక తెల్లకాగితం తీసుకో. నడిమధ్యన ఒక సున్నా చుట్టి పెన్సిల్‌తో నింపెయ్. అది నువ్వు. ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి త్రికోణం. పెళ్లికి రెండు చిన్న అడ్డగీతలు, పిల్లలకి కిందికి ఒక గీత. 1898లో రివర్స్ అనే ఆయన టోరెస్ జలసంధి దీవులకు వెళ్లినప్పుడు, మనుషులను వాళ్ల బంధువుల పేర్లు వరసగా అడిగి ఇలా వంశవృక్షాలు రాసుకోవడం ఒక పద్ధతిగా మొదలుపెట్టాడు. ఆయనే తర్వాత మన నీలగిరుల్లో తోడా గిరిజనుల దగ్గరికీ వచ్చాడు.

ఇప్పుడు నాన్న పక్కన ఆయన అన్నయ్యని వెయ్యి. నీకు పెదనాన్న. ఆయన కూతురు నీకు అక్క. నాన్న చెల్లెల్ని వెయ్యి. మేనత్త. ఆవిడ కొడుకు బావ. అమ్మ వైపుకి రా. అమ్మ అక్క పెద్దమ్మ, ఆవిడ కొడుకు నీకు అన్నయ్య. అమ్మ తమ్ముడు మావయ్య, ఆయన కొడుకు మళ్లీ బావ. ఈ నలుగురు పిల్లలూ ఇంగ్లీషువాళ్లకి కజిన్సే. మనకి మాత్రం ఇద్దరు తోబుట్టువులు, ఇద్దరు వరసైనవాళ్లు. అన్నదమ్ముల పిల్లలు ఒకరికొకరు, అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు పారలల్ కజిన్స్. అన్న పిల్లలు, చెల్లెలి పిల్లలు ఒకరికొకరు క్రాస్ కజిన్స్. నువ్వు రాత్రంతా బట్టీ పట్టిన పాఠం ఇంతే. మూడేళ్ల పిల్లప్పుడే నీకు ఇది వచ్చు. ఎవరిని అన్నయ్య అనాలో, ఎవరిని బావ అనాలో ఒక్కసారి తప్పు పలికితే ఇంట్లో అందరూ నవ్వి సరిదిద్దే ఉంటారు.

అదే కాగితం మీద ఇంకో రెండు నిమిషాలు ఉండు. నాన్న అన్నదమ్ముల్ని మనం పెదనాన్న, చిన్నాన్న అంటాం. పేరులోనే నాన్న ఉన్నాడు. అమ్మ అన్నదమ్ముల్ని మాత్రం నాన్న అనం, మావయ్య అంటాం. నాన్న అన్నదమ్ముల్ని నాన్నతో కలిపేశాం, అమ్మ అన్నదమ్ముల్ని విడదీశాం. మీ పుస్తకంలో బైఫర్కేట్ మెర్జింగ్ అని భయపెట్టే మాట ఒకటి ఉంటుంది చూడు, అది ఈ కలపడం, విడదీయడం గురించే. ఇక ‘అత్త’ మాట తీసుకో. నాన్న అక్కచెల్లెళ్లు అత్తలు, మావయ్య భార్య అత్త, పెళ్లయ్యాక భర్త తల్లీ అత్తే. మేనల్లుడిలో అల్లుడున్నాడు, మేనకోడల్లో కోడలుంది. మేనరికం మనవాళ్లలో ఎంత పాతదో మన మాటలే చెబుతున్నాయి. అమెరికాలో మోర్గాన్ అనే లాయరు ప్రపంచం నలుమూలలకీ ప్రశ్నల కాగితాలు పంపి బంధుత్వ పదాలు తెప్పించుకున్నాడు. 1871లో అచ్చయిన ఆయన పుస్తకంలో తమిళం, కన్నడంతో పాటు తెలుగు వరసలు కూడా ఉన్నాయి. అమెరికాలోని ఇరాకోయ్ జాతివాళ్లు పిలుచుకునే వరసలకీ మన వరసలకీ పోలిక కనిపించి ఆయన ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు ఇరాకోయ్ అనే మాట చూస్తే నీకు పరాయిగా ఉంటుందా చెప్పు.

ఈ కాగితమే నిన్ను మనిషి శరీరం, జన్యువుల గురించి చెప్పే శారీరక మానవశాస్త్రానికి కూడా తీసుకెళ్తుంది. మేనత్త పిల్లల్ని, మావయ్య పిల్లల్ని పెళ్లి చేసుకున్నవాళ్లకి పుట్టే బిడ్డలో ఒకే పూర్వీకుడి నుంచి ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ దిగే అవకాశం 16లో 1 వంతు. అక్క కూతుర్ని చేసుకుంటే 8లో 1 వంతు. కొన్ని జన్యు వ్యాధులు మేనరికాల్లో ఎక్కువగా బయటపడటానికి కారణం అది. లెక్క ఎలా వచ్చిందో మీ పాఠంలో గీతలు లెక్కపెట్టే పద్ధతి ఉంటుంది. నీ కాగితం మీదే లెక్కపెట్టి చూడు. మన వాళ్లు ఎందుకు అలా చేసుకున్నారు, భూమి బయటికి పోకూడదనా, ఆడపిల్ల తెలిసిన ఇంట్లో పడాలనా, ఇప్పుడెందుకు తగ్గుతోంది అని అమ్మనీ అమ్మమ్మనీ అడుగు. మంచా చెడా అని తీర్పు చెప్పే పని వెంటనే పెట్టుకోకు. ముందు వాళ్లు ఏం చెబుతారో విను.

అడిగేటప్పుడు ఒక సంగతి కనిపెట్టు. ముత్తాత పేరు టకటకా చెప్పేస్తారు. ఆయన తండ్రి పేరు కూడా చెప్పొచ్చు. తాతమ్మ పేరు అడిగితే ‘ఏమోనే, అందరూ ముసలమ్మ అనేవాళ్లు’ అంటారు. పొలం కాగితాల మీద పేరున్నవాళ్లు గుర్తుంటారు, లేనివాళ్లు జారిపోతారు. నీ కాగితంలో పై వరసలో పేరు లేని సున్నాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. నేను మొదటిసారి మా ఇంటి పటం వేసినప్పుడు అలాంటివి ఏడు వచ్చాయి. ఆ ఏడు ఖాళీ సున్నాలు చూసి నాకు ఏడుపొచ్చింది. వారసత్వం, వంశం, పితృస్వామ్యం అని పుస్తకంలో చదివిన మాటలు ఆ రోజు నాకు అర్థమయ్యాయి.

ఇక ట్రోబ్రియాండ్ దీవుల గవ్వల సంగతి. మాలినోవ్‌స్కీ అనే పోలండు ఆయన మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915 నుంచి 1918 మధ్య రెండు విడతలుగా అక్కడ ఊళ్ల మధ్య గుడారం వేసుకుని ఉన్నాడు. ఆ దీవులవాళ్లు పడవలెక్కి, ప్రాణాలకు తెగించి, సముద్రం దాటి వెళ్లి ఒకరికొకరు ఎర్ర గవ్వల హారాలు, తెల్ల గవ్వల దండకడియాలు ఇచ్చుకుంటారు. హారాలు ఒక దిక్కుగా తిరుగుతాయి, కడియాలు దానికి ఎదురు దిక్కుగా. ఎవరూ శాశ్వతంగా దాచుకోరు. కొన్నాళ్లు ఉంచుకుని ముందుకు పంపుతారు. అదే కులా. వాటిని కట్టుకుని తిరిగే పని కూడా పెద్దగా ఉండదు. మరి ఎందుకు ఇంత కష్టం?

మీ ఇంట్లో బీరువా అడుగున చదివింపుల పుస్తకం ఉంటుంది. అమ్మ పెళ్లిదో, అక్క పెళ్లిదో. దాన్ని బయటికి తియ్యి. పందిట్లో ఒకాయన బల్ల వేసుకుని కూర్చుని పేరు, ఊరు, రూపాయలు రాస్తుంటే, ఇంకొకాయన మైకులో ‘తెనాలి వాస్తవ్యులు ఫలానా వారు చదివించినది 516 రూపాయలు’ అని చదివిన రోజు గుర్తుందా? అందరి ముందూ చదువుతారు కాబట్టే అవి చదివింపులు. ఆ పుస్తకం ఆ రోజుతో అయిపోదు. తర్వాత వాళ్లింట్లో శుభకార్యం వస్తే అమ్మ అదే పుస్తకం తిరగేస్తుంది. ‘వాళ్లు మనకి 516 చదివించారు, ఇప్పుడు మనం అంతకు తగ్గితే బాగుండదు’ అంటుంది. ఇంకో సంగతి చూడు. వాళ్లిచ్చిన 516ని పెళ్లయిన మర్నాడే తీసుకెళ్లి తిరిగి ఇచ్చేస్తే ఏమవుతుంది? బాకీ తీరదు, సంబంధం తెగుతుంది. ‘మా డబ్బు మా మొహాన కొట్టారు’ అంటారు. తిరిగి ఇవ్వాలి, కానీ ఆగి ఇవ్వాలి, కాస్త కలిపి ఇవ్వాలి.

ఫ్రాన్స్‌లో మార్సెల్ మాస్ అనే ఆయన 1925లో ఈ కులా సంగతీ ఇంకా ఎన్నో జాతుల కానుకల సంగతులూ కలిపి చూసి, మనుషుల మధ్య మూడు బాధ్యతలు ఉంటాయని రాశాడు. ఇవ్వడం ఒకటి, ఇచ్చినదాన్ని కాదనకుండా పుచ్చుకోవడం ఒకటి, తిరిగి ఇవ్వడం ఒకటి. ఇప్పుడు కొన్ని శుభలేఖల మీద ‘చదివింపులు స్వీకరించబడవు’ అని అచ్చు వేస్తున్నారు కదా. ఎవరు అలా వేయించగలుగుతారు? కాదన్నవాళ్లకి గౌరవం పెరుగుతోందా? ఇవ్వాలని వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటున్నారా? ఈ ప్రశ్నలతోనే ఒక మంచి రిపోర్టు రాయొచ్చు. ఈసారి కులా రింగ్ పాఠం తెరిచినప్పుడు ఒళ్లో ఆ పుస్తకం పెట్టుకో. ఒక్క ముక్క మర్చిపోతే నన్ను అడుగు.

ఫీల్డ్‌వర్క్ గురించి. అరకు వెళ్లక్కర్లేదు. మీ మావయ్యలాగే చాలామంది ఇది కొండజాతుల చదువనే అనుకుంటారు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన చెంచుల మీద 1943లో, పాపికొండల వైపు కొండరెడ్ల మీద 1945లో పుస్తకాలు వేశాడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ చదువుతాం. కానీ ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కన శామీర్‌పేట అనే మామూలు పల్లె గురించి 1955లో పుస్తకం రాశాడు. ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గర వరి, చెరకు పండించే ఊళ్లో ఉండి రాశాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో, బజార్లలో కూర్చుని రాస్తున్నారు. మనుషులు కలిసి బతికే చోటు ఏదైనా ఫీల్డే. నువ్వు రోజూ దేశంలోకెల్లా పేరున్న మిర్చి బజార్లో కూర్చుంటున్నావు. నీలాంటి చోటు దొరక్క పెద్ద పెద్ద యూనివర్సిటీల పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ముందు మీ గైడుకో, స్టడీ సెంటర్‌కో ‘యార్డులో చేస్తాను’ అని రాసి అనుమతి తీసుకో.

ఏం చూడాలంటావా? మొదటి వారం ఏమీ అడగొద్దు. చూసినది రాయి, అంతే. రాత్రి లారీ దిగిన రైతు తన టిక్కీల (మిర్చి బస్తాల) మీదే పడుకున్నాడా, కొట్టు అరుగు మీద పడుకున్నాడా? తెల్లారి కొనేవాడు వచ్చి కాయ తీసి విరిచి, గింజ రాలిందా అని చూసి, వాసన చూసి, ముఖంలో ఏమీ కనపడనీయకుండా ముందుకు పోతాడు కదా, అప్పుడు రైతు ఎటు చూస్తున్నాడు? తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎక్కువుందని ఎవరు ముందు అంటారు? కాటా దగ్గర ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడతారు? ముచ్చికలు తీసే ఆడవాళ్లు ఎక్కడ కూర్చుని అన్నం తింటారు, హమాలీలు ఎక్కడ తింటారు? పోయినేడు అప్పిచ్చిన కొట్టుకే రైతు ఈ ఏడూ సరుకు తెస్తున్నాడంటే అది అప్పా, మాటా, మొహమాటమా? (ఇక్కడ మళ్లీ మాస్ గుర్తొస్తాడు.) ఘాటుకి దగ్గొస్తే కొత్తవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు, పాతవాళ్లు కట్టుకోరు. ఎందుకు? ఇవన్నీ నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు. అలవాటైపోయి కనపడటం మానేశాయి. సొంత చోటులో పనిచేసేవాళ్లకి ఉండే పెద్ద కష్టం అదే. దానికి మందు కాగితం. రాయడం మొదలుపెడితే మళ్లీ కనపడతాయి.

నోట్సు ఏ రోజుది ఆ రోజు రాత్రే రాయి. తెల్లారితే సగం పోతుంది, మిగతా సగం మనం కల్పించుకుంటాం. పేజీ మధ్యన నిలువుగా గీత గీసి, ఎడమ పక్క చూసినది, విన్నది రాయి. కుడి పక్క నీకు అనిపించింది రాయి. ‘హమాలీ కోపంగా ఉన్నాడు’ అని ఎడమ పక్క రాయకూడదు. ‘మూట దించి, మాట్లాడకుండా, తువ్వాలు విదిలించి వెళ్లిపోయాడు’ అని ఎడమ పక్క, ‘కోపం వచ్చిందేమో’ అని కుడి పక్క. ఫోన్లో ఆ పేజీలు ఫొటో తీసి పెట్టుకో. 1970లో అమెరికాలో ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్చుని రాసుకునే చోట ఎవరో నిప్పు పెడితే ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నోట్సు కాలిపోయింది. ఆయన జ్ఞాపకం నుంచి ఆ ఊరి కథ రాశాడు, అది గొప్ప పుస్తకమైంది. అయినా మనం ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.

ప్రశ్నలు అడగడంలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నేను విశాఖపట్నంలో ఎమ్మే చదివేటప్పుడు మమ్మల్ని సముద్రం ఒడ్డున ఒక పల్లెకారుల ఊరికి పంపారు. చేతిలో అచ్చు వేసిన ఫారం. ‘కుటుంబ సభ్యుల సంఖ్య’ అని గడి. ఒక ఇంట్లో పెద్దామెని ‘మీ ఇంట్లో ఎంతమంది?’ అని అడిగాను. ‘ఐదుగురం’ అంది. రాసేశాను. మర్నాడు పొద్దున్నే వెళ్తే అదే కప్పు కింద తొమ్మిదిమంది నిద్ర లేస్తున్నారు. ఆమె అబద్ధం చెప్పిందనుకున్నాను, మనసు చివుక్కుమంది. మూడో రోజు వసారాలో కూర్చున్నప్పుడు చూశాను. ఈ చివర ఒక పొయ్యి, ఆ చివర ఒక పొయ్యి. ‘చిన్నోడు వేరుపడ్డాడమ్మా, పొయ్యి వేరు’ అంది ఆమె, ఇది కూడా తెలియదా అన్నట్టు. చిన్న కోడలు చేపల తట్ట ఎత్తుకుని బజారుకు పోతే ఆమె పిల్లలకి ఈమే తన కుండలోంచి అన్నం పెడుతుంది, అయినా లెక్కలో వాళ్లు వేరే ఇల్లే. తప్పు ఆమెది కాదు, నా ప్రశ్నది. ఇల్లంటే కప్పు అని నేననుకున్నాను, పొయ్యి అని ఆమె అనుకుంది. మన జనాభా లెక్కల్లో కూడా ఒకే వంటగదిలో తినేవాళ్లనే ఒక కుటుంబంగా రాసుకుంటారు. మానవశాస్త్రవేత్త ఇరావతీ కార్వే ఉమ్మడి కుటుంబాన్ని వివరిస్తూ ఒకే కప్పు, ఒకే పొయ్యి రెండూ చెప్పింది. ఆ పాఠం నేను పరీక్ష రాసి పాసయ్యాను కూడా, కానీ ఆ వసారాలో కూర్చునేదాకా తెలియలేదు.

ఒక విషయంలో మాత్రం నిన్ను గట్టిగా హెచ్చరించాలి. నువ్వు కొట్లో పట్టీలు కొడతావు. ఏ రైతుకి ఎంత బాకీ ఉందో, ఏ షావుకారు ఎవరికి ఎంత మిగిల్చాడో నీకు తెలుసు. అది నీ ఉద్యోగం వల్ల తెలిసింది, నీ చదువు కోసం వాళ్లు చెప్పింది కాదు. అందులో ఒక్క అంకె కూడా నీ రిపోర్టులోకి రాకూడదు. యజమానికి ముందే చెప్పు. ఎవరితో మాట్లాడినా ‘నేను డిగ్రీ చదువుతున్నాను, దానికోసం రాసుకుంటున్నాను, ఇష్టం లేకపోతే చెప్పొద్దు’ అని ముందే అనాలి. పేర్లు మార్చాలి. రాసినది వాళ్లకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

ఇది ఎందుకింతగా చెబుతున్నానంటే, మనకి దగ్గర్లోనే స్టువర్టుపురం ఉంది. బాపట్ల, చీరాల మధ్యన. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేసి, కొన్ని కులాలను మొత్తంగా పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి కాపలా కింద ఉంచిన సెటిల్‌మెంటు ఆ ఊరు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవాళ్లు నడిపారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ఆ ముద్ర ఆ ఊరి పిల్లల్ని ఇప్పటికీ వదల్లేదు. అదే రోజుల్లో మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. ఆ పుస్తకాలు మీ లైబ్రరీలో దొరికితే చదువు, కానీ రాసినవాడు ఎవరు, ఎవరి కొలువులో ఉన్నాడు అని ముందు అడుగు. ఒకరి గురించి ‘వాళ్లు ఇలాంటివాళ్లు’ అని మనం రాసిన వాక్యం వాళ్ల మనవల దాకా వెంటాడగలదు. హమాలీల గురించి, కూలికొచ్చే ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు ‘వాళ్లంతా’ అనే మాట దగ్గర పెన్ను ఆపు.

భాష పాఠం నీకు అన్నిటికంటే తేలిక కావాలి. ‘మనం’, ‘మేము’ రెండూ మనకున్నాయి. వింటున్న మనిషిని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. యార్డులో కమీషన్ ఏజెంటు రైతుతో ‘మన సరుకు’ అంటాడు, కొనేవాడితో ఏమంటాడో విను. మొదట్లో నేను ‘నువ్వు’ అన్నాను గుర్తుందా? నీ వయసు చూశాను, ఆడపిల్లవని చూశాను, నన్ను ‘అమ్మా’ అని పిలిచావని చూశాను, అప్పుడు అన్నాను. అదే నలభై ఏళ్ల మనిషి రాసి ఉంటే ‘మీరు’ అనేదాన్ని. ఒక్క మాటలో వయసూ హోదా చనువూ అన్నీ తూచి వేస్తాం. కొట్లో ఎవరు ఎవరిని ‘మీరు’, ‘నువ్వు’, ‘ఏమయ్యా’, ‘అన్నా’ అంటున్నారో వారం రోజులు రాసుకుంటే యార్డులో ఎవరు ఎవరికి ఏమవుతారో తేలిపోతుంది. దాంతోపాటు యార్డు మాటలు కూడా ఒక చిన్న పుస్తకంలో ఎక్కించు. టిక్కీ, తాలు, ముచ్చిక, కాటా, ఇంకా నాకు తెలియనివి నీకెన్నో తెలుసు. మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇలాగే వ్యవసాయం మాటలు ఊరూరా సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు.

ఎముకలు, రాళ్ల పాఠాలకు వీలున్నప్పుడు నాగార్జునకొండ వెళ్లిరా. మాచర్ల మీదుగా వెళ్లి లాంచీ ఎక్కాలి. సాగర్ నీళ్లలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయ అంతా తవ్వి చూశారు. రాతియుగం పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల రాజధాని దాకా ఒక్క లోయలోనే బయటపడ్డాయి. వాటిలో కొన్నిటిని దీవి మీద మ్యూజియంలో పెట్టారు. ఇక లూసీ పాఠం ఉంటుంది. 1974లో ఇథియోపియాలో దొరికిన 32 లక్షల ఏళ్ల నాటి ఎముకలు. మెదడు చిన్నదే గానీ రెండు కాళ్ల మీద నడిచిందని మోకాలు, తుంటి ఎముకలు చూసి చెప్పారు. కాలు తడిపి గచ్చు మీద అడుగు వేసి చూడు. మధ్యలో ఒంపు దగ్గర తడి అంటదు, బొటనవేలు మిగతా వేళ్లతో పాటు ముందుకే ఉంటుంది. కోతిజాతికి బొటనవేలు పక్కకు విడిపోయి కొమ్మ పట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ తడి అడుగు ముందు కూర్చుని ఆ పాఠం చదువు.

ఇంగ్లండు మానవశాస్త్రవేత్త టైలర్ 1871లో సంస్కృతికి ఇచ్చిన నిర్వచనం పరీక్షలో తప్పకుండా అడుగుతారు. జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం అని పొడుగ్గా ఉంటుంది. అందులో ప్రాణం ‘సమాజంలో ఒకడిగా మనిషి సంపాదించుకున్నవి’ అన్న మాటలో ఉంది. పుట్టుకతో వచ్చినవి కావు, నేర్చుకున్నవి. నమ్మకం లేకపోతే నీ ముందున్న టిక్కీని చూడు. మిరపకాయ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్లు సముద్రం మీద వచ్చాకే మన దేశంలో అడుగుపెట్టింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలదే ముఖ్యం. మిరప, మిరియం చుట్టాలైన మాటలు కూడా. కారం మన రక్తంలోనే ఉందని గుంటూరులో అందరం అంటాం కదా, పోర్చుగీసువాళ్లు రాకముందు ఈ నేల మీద మిరప మొక్కే లేదు. తర్వాత వచ్చినదాన్ని ఇంతగా మనది చేసుకున్నాం.

చదివే పద్ధతి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రోజుకి ఒక్క పేరా చాలు. ఇంగ్లీషులో చదివి, పుస్తకం మూసి, తెలుగులో నీ మాటల్లో అమ్మకి చెప్పినట్టు రాసుకో, పక్కన సాంకేతిక పదం ఇంగ్లీషులోనే ఉంచుకో. పరీక్షకి ముందు నెల రోజులు మాత్రం వాటిని ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టడం ప్రాక్టీసు చెయ్యి. నిర్వచనాలు ఆ నెలలో బట్టీ పట్టినా ఫర్వాలేదు, అప్పటికి అవి గుర్తుంటాయి.

మావయ్య భయం తీసిపారేయదగ్గది కాదు. బీకాంకి వచ్చినన్ని ఉద్యోగాలు దీనికి రావు, అది నిజం. డిగ్రీతో ఆగితే కష్టమే. పీజీ చేయాలి, ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి శ్రీ వేంకటేశ్వరలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ శాఖలున్నాయి. ఆ తర్వాత కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, మ్యూజియంలు, గిరిజన సంక్షేమం, ఆరోగ్య సర్వేలు చేసే సంస్థలు ఉంటాయి. సివిల్స్ రాసేవాళ్లు దీన్ని ఆప్షనల్‌గా తీసుకుంటారు. కాబట్టి యార్డు ఉద్యోగం ఇప్పుడు వదలొద్దు. మూడేళ్లు అక్కడే ఉంటూ చదువు. అక్కౌంట్లు ఎలాగూ చేస్తున్నావు, టాలీ నేర్చుకుని పెట్టుకో, మావయ్యకి కాస్త ధైర్యంగా ఉంటుంది. ఆయన్ని కూర్చోబెట్టి వంశవృక్షం వేయించుకునే పని కూడా చెయ్యి. అమ్మ వైపు సగం ఆయనకే తెలిసి ఉంటుంది, అడిగితే ఇష్టంగా చెబుతాడు.

ఆ పటం పూర్తయ్యాక నాకు ఒక ఉత్తరం రాయి. మీ తాతమ్మ పేరు ఎవరికైనా గుర్తుందో లేదో తెలుసుకోవాలని ఉంది.